గెడ్‌కు తెల్లరంగు ఎలా అంటింది?

కడపలో డిగ్రీ చదివేటప్పుడు నా చేతికొచ్చిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అనే ఇంగ్లిష్ ఫాంటసీ నవలకు అట్ట లేదు. హాస్టల్ సీనియర్ ఒకాయన హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం అది. పాత క్యాలెండర్ కాగితం చుట్టి చదువుకున్నాను. అట్ట పోవడమే మంచిదైందని చాలా ఏళ్లకు తెలిసింది.

కథంతా సముద్రం, దీవులు. సముద్రం చూడాలంటే నెల్లూరు వైపు పోవాల్సిన మాకు అదంతా కొత్తే. కథానాయకుడు గెడ్ మాత్రం కొత్తవాడిలా అనిపించలేదు. గోంట్ అనే కొండదీవిలో కంచుపనివాడి కొడుకు, తల్లి లేని పిల్లాడు, మేకలు కాస్తుంటాడు. ఏడేళ్లప్పుడు, పెద్దమ్మ నోట విన్న మంత్రాన్ని అర్థం తెలియకుండానే అరుస్తాడు. మేకలన్నీ వచ్చి చుట్టుకుంటాయి, ఎంతకీ వదలవు. పొద్దుగూకే వేళ పాలకొండల వైపు నుంచి మందలు దిగడం చూసినవాళ్లకు ఆ పేజీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. వాడి ఒళ్లు రాగిరంగు. ప్రాణస్నేహితుడు వెచ్ ఇంకా నలుపు. తెల్లతోలు, పసుపుపచ్చ జుట్టు ఉన్నది దోచుకోవడానికి వచ్చే కార్గ్‌లకు.

1968లో ఈ నవల వెలువరించిన ఉర్సులా లె గ్విన్ ఇది కావాలనే చేశారు. ఫాంటసీల్లో అందరూ ఉత్తర యూరప్ మనుషుల్లా తెల్లగానే ఎందుకుండాలి అన్నది ఆమె ప్రశ్న. మొదట్లోనే రంగు చెబితే తెల్లపిల్లలు గెడ్‌ను తమవాడు అనుకోరేమోనని, ఆ సంగతి కొంచెం కొంచెంగా బయటపెట్టానని తర్వాత ఆమే రాశారు. నాకూ అంతే, సగం పుస్తకం అయ్యాక గాని ఒంటిరంగు గమనించలేదు.

పేచీ అట్టల దగ్గరే మొదలైంది. పార్నాసస్ ప్రెస్ తొలి ముద్రణకు రూత్ రాబిన్స్ వేసిన బొమ్మలో గెడ్ గోధుమరంగువాడే. ఆ తర్వాతి అట్టల్లో చాలావాటి మీద తెల్లగా తేలాడు. నా పుస్తకం మీద ఏ గెడ్ ఉండేవాడో!

2001 నుంచి 2003 దాకా 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలు ఆడాక ఫాంటసీకి గిరాకీ పెరిగింది. ఎర్త్‌సీ హక్కులు అడిగినవాళ్లు, ఆ సినిమాల స్క్రిప్టు రాసినవాళ్లలో ఒకరైన ఫిలిప్పా బోయెన్స్ తమతో ఉన్నారని చెప్పారు. లె గ్విన్ ఒప్పుకోవడానికి అసలు కారణం అదే. పని అమెరికా టీవీ చానల్ సైఫై దాకా వచ్చేసరికి బోయెన్స్ లేరు. కాంట్రాక్టులో లె గ్విన్ హోదా 'కన్సల్టెంట్'. అంటే పెళ్లింట్లో పెద్దమనిషి లాంటిది. కుర్చీ వేస్తారు గానీ మాట అడగరు.

ఆ టీవీ సినిమా 2004 డిసెంబర్ 13, 14 రాత్రుల్లో రెండు భాగాలుగా వచ్చింది. గెడ్‌గా షాన్ ఆష్‌మోర్, తెల్లవాడు. ముఖ్యపాత్రల్లో నల్లవాడంటే గురువు ఓజియన్ వేషం కట్టిన డానీ గ్లోవర్ ఒక్కడే. ఎర్త్‌సీకి తెల్లసున్నం కొట్టారని లె గ్విన్ ఆ నెలలోనే వ్యాసం రాశారు.

రంగు తర్వాత నాకు మండింది పేర్ల దగ్గర. ఎర్త్‌సీలో పిలిచే పేరు వేరు, నిజనామం వేరు. నిజనామం తెలిసినవాడి చేతిలో ప్రాణం ఉన్నట్టే. వీణ్ణి ఊరంతా స్పారోహాక్, అంటే డేగ, అని పిలుస్తుంది. 'గెడ్' అన్నది పదమూడో ఏట ఓజియన్ చెప్పిన రహస్యం. బారసాలలో పిల్లాడి చెవిలో పేరు చెప్పి, ఆపైన జన్మంతా చిన్నోడా అని పిలిచే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇదేం కష్టమైన లెక్క కాదు. సినిమావాళ్లు రెండూ తారుమారు చేశారు. గెడ్ అని అందరూ పిలుస్తుంటారు, స్పారోహాక్ రహస్యమట! మంత్రవిద్య అంతా దేనిమీద నిలబడిందో దాన్నే లాగేశారు.

మార్చడమే తప్పని నేననను. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957 నాటి 'మాయాబజార్'లో పాండవులు ఒక్కరినీ చూపించలేదు. జనానికి ఆ లోటే తెలియలేదు. ఏది తీసేస్తే కథ నిలుస్తుందో ఆయనకు తెలుసు.

రెండో దెబ్బ జపాన్ నుంచి. 1980ల్లో అక్కడి యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి ఎర్త్‌సీని సినిమా తీస్తానని అడిగితే, ఆయన సినిమాలు తెలియక లె గ్విన్ వద్దన్నారు. 'మై నైబర్ టోటోరో' చూశాక మనసు మారింది. తీరా 2006లో సినిమా తీసింది మియజాకి కొడుకు గోరో. అతనికి అదే మొదటి సినిమా. యువరాజు అరెన్ తండ్రిని పొడవడంతో మొదలవుతుంది, పుస్తకంలో అదెక్కడా లేదు. చూశాక లె గ్విన్ గోరోతో, ఇది నా పుస్తకం కాదు, నీ సినిమా, బాగుంది అన్నారు. తర్వాత వివరంగా రాసినప్పుడు అసలు అసంతృప్తి చెప్పారు: చెడునంతా ఒక విలన్ నెత్తిన పెట్టి, వాణ్ణి చంపేసి కథ ముగించారని. మొదటి పుస్తకంలో గెడ్ తనను తరిమే నీడను చివరికి తన పేరుతోనే పిలుస్తాడు. అక్కడ చంపడానికి ఎవరూ లేరు.

ఆ జపాన్ సినిమా అమెరికా థియేటర్లకు 2010 ఆగస్టు దాకా రాలేదు. అక్కడి హక్కులు అప్పటిదాకా సైఫై చానల్ చేతిలోనే ఇరుక్కున్నాయి.