గార పళ్ల మీద సిమెంటు నిలుస్తుందా?

పన్నుకు సిమెంటు పెట్టించుకుని కుర్చీ దిగగానే ఎవరైనా అడిగేది ఒకటే, ఇది ఎన్నేళ్లు ఉంటుంది డాక్టరుగారూ అని. ఆయన చెప్పే జవాబులో సొంత అనుభవం కొంత, ఎక్కడో ల్యాబులో ఆ సిమెంటును నానబెట్టి, విరగ్గొట్టి రాసిపెట్టిన అంకెలు కొంత ఉంటాయి. ఆ అంకెలు ఎలా వస్తాయో కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ పరీక్షల్లో వాడే పళ్లు చాలావరకు ఫ్లోరైడ్ నీళ్లకు గార పట్టి, మచ్చలు పడ్డ మన పళ్లలాంటివి కావు.

మనం సిమెంటు అని పిలిచేవాటిలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. పాదరసం కలిపే వెండి సిమెంటును పాదరసం వాడకం తగ్గించాలన్న 2013 నాటి అంతర్జాతీయ మినమాట ఒప్పందం తర్వాత చాలా దేశాలు తగ్గించుకుంటూ వస్తున్నాయి. గ్లాస్ అయానమర్ అనేది పొడి, ద్రవం కలిపి పెట్టేది, ఇది కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. మూడోది కాంపోజిట్, పంటి రంగులోనే ఉంటుంది, నీలి లైటు పెడితే గట్టిపడుతుంది. ఇప్పుడు ఎక్కువమంది అడిగి పెట్టించుకుంటున్నది ఇదే కాబట్టి దీని సంగతే చూద్దాం.

కాంపోజిట్‌కు ఐఎస్ఓ 4049 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2 మిల్లీమీటర్ల మందం, అంతే వెడల్పు, 25 మిల్లీమీటర్ల పొడవుతో, అంటే ఇంచుమించు అగ్గిపుల్ల మందంలో ఒక కడ్డీ తయారుచేసి, 37 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచుతారు. తర్వాత దాన్ని 20 మిల్లీమీటర్ల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి సరిగ్గా నడిమధ్య నొక్కుతారు. నమిలే చోట పెట్టే రకమైతే కనీసం 80 మెగాపాస్కల్స్ (ఒత్తిడికి కొలత) తట్టుకోవాలి. లెక్క కడితే, అంత సన్నటి కడ్డీ రెండు కిలోల పైచిలుకు బరువుకు కూడా విరగకూడదన్నమాట.

కానీ సిమెంటు ముక్క గట్టిదైనంత మాత్రాన సరిపోదు. అసలు చిక్కంతా అది పంటికి అతుక్కున్న అంచు దగ్గర ఉంటుంది. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో 2 నుంచి 3 శాతం దాకా కుంచించుకుపోతుంది. దాంతో అంచున కంటికి కనపడని సందు పడితే ఉమ్మి, బ్యాక్టీరియా అందులోకి దూరి, కొన్నాళ్లకు సిమెంటు కింద మళ్లీ పిప్పి మొదలవుతుంది. ఈ సందును పట్టుకునే పరీక్ష నాకు చాలా ఇష్టం. క్లిప్పులు వేసేముందు తీసేసిన మంచి పళ్లను తీసుకుని, గుంట చేసి, సిమెంటు పెడతారు. తర్వాత 5 డిగ్రీల నీళ్లలో, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి కనీసం 500 సార్లు ముంచుతారు. ఐస్‌క్రీమ్, వేడి టీ నోట్లో చేసే పనిని మెషీన్ ఇక్కడ చేస్తుంది. ఆ తర్వాత సిమెంటు చుట్టూ ఒక మిల్లీమీటరు మాత్రం వదిలి, పన్నంతా గోళ్ల రంగు పూస్తారు! మిథిలీన్ బ్లూ అనే నీలి రంగులో నానబెట్టి, వజ్రపు పొడి అతికించిన బిళ్లతో పన్నును నిలువునా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, అంచు వెంట నీలి గీత ఎంత లోపలికి దిగిందో స్పష్టంగా కనిపిస్తుంది. గీత ఎంత లోతుకు దిగితే అతుకు అంత బలహీనం.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. ఇలాంటి పరీక్షలకు పళ్లు ఏరేటప్పుడు పగుళ్లున్నవి, పుచ్చినవి, మచ్చలున్నవి మామూలుగా పక్కన పెట్టేస్తారు. పరీక్ష సమానంగా జరగాలంటే అది సబబే. అయితే అలా పక్కన పెట్టేవాటిలో గార పళ్లు కూడా ఉంటాయి. మన దేశంలో బోరు, బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు గురించి వైద్య పత్రికలో మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని చూసే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండేవి. ఇంత చరిత్ర ఉన్న చోటు వాళ్లకు, మచ్చ లేని పళ్ల మీద వచ్చిన అంకెలు చూపించి సరిపెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

తేడా ఎక్కడొస్తుందంటే, కాంపోజిట్ పెట్టేముందు ఎనామిల్ మీద, అంటే పంటి గట్టి పైపొర మీద, సుమారు 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్ జెల్ రాసి 15 నుంచి 30 సెకన్లు ఉంచుతారు. ఆసిడ్ ఎనామిల్‌ను గరుకుగా చేస్తుంది, ఆ సూక్ష్మమైన గుంటల్లోకి జిగురు దిగి పట్టు చిక్కుతుంది. ఈ పద్ధతిని 1955లో అమెరికా దంతవైద్యుడు బువనొకోర్ చూపించాడు. గార పంటిలో పైపొర ఫ్లోరైడ్ ఎక్కువగా పట్టి ఆసిడ్‌కు తొందరగా లొంగదు, దాని కిందేమో గుల్లగా ఉంటుంది. అందుకే ల్యాబుల్లో ఆసిడ్ ఎక్కువసేపు ఉంచి, లేదా పైపొరను కాస్త అరగదీసి, సిమెంటు ముక్క అతికించి మెషీన్‌తో తోసి, ఎంత బలానికి ఊడిందో కొలుస్తారు. మచ్చ తేలికపాటిదైతే పట్టు మామూలు పంటికి దగ్గరగా ఉండొచ్చు, తీవ్రమైతే తగ్గే అవకాశం ఎక్కువ. కాబట్టి పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నవాళ్లు సిమెంటు పెట్టించుకునేముందు, మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లండీ, ఆసిడ్ ఎంతసేపు ఉంచుతారు అని మొహమాటపడకుండా అడగండి. నెల్లూరులో డెంటల్ పీజీ చేస్తూ థీసిస్‌కు టాపిక్ వెతుక్కునే పిల్లలు మన ప్రాంతపు పళ్ల మీదే ఈ పరీక్షలు చేస్తే ఎంత బాగుంటుందో!

ఇక పంటిని కాపాడే పూతల సంగతి. నోట్లో పీహెచ్ (ఆసిడ్ ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆసిడ్ ఎక్కువ) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. ల్యాబులో పంటి ముక్కలను రోజూ కొన్ని గంటలు ఆసిడ్ ద్రావణంలో, మిగతా సమయం కాల్షియం, ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఉంచుతూ, పూత వేసిన ముక్క ఎంత గట్టిదనం నిలుపుకుందో వజ్రపు మొనతో గుచ్చి చూస్తారు. ఫ్లోరైడ్ వార్నిష్ ఇలాంటి పరీక్షల్లో బాగా నిలబడిన పూత. దాంట్లో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 22,600 పాళ్లు అని వినగానే మనవైపు తల్లులకు టెన్షన్ రావడం సహజం, నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే కష్టమని ఏళ్ల తరబడి విన్నవాళ్లు మరి. కానీ వార్నిష్ ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ చుక్కల లెక్కన పంటి పైన రాసేది. గార పట్టేది పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు, రోజూ ఏళ్లపాటు కడుపులోకి పోయే ఫ్లోరైడ్ వల్ల. ఆ వయసు పిల్లలు బోరు నీళ్లే తాగుతున్నట్టయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, ఇంట్లో పేస్టు కూడా చిన్నపిల్లలకు బియ్యపు గింజంత, మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత పెట్టి, మింగకుండా ఉమ్మేయించండి.