నిరూపకాలు, బిందువుల గుర్తింపు: అపోహలు - వాస్తవాలు

తొమ్మిదో తరగతిలో, బిందువు ఎక్కడుందో సంఖ్యలతో చెప్పే నిరూపక జ్యామితి మొదలైనప్పుడు ఎక్కువమంది విద్యార్థులకు అది తేలికైన పాఠంగానే కనిపిస్తుంది. అక్షాలు గీసి, గడులు లెక్కపెట్టి, చుక్క పెడితే సరిపోతుందనుకుంటారు. పదో తరగతిలో రెండు బిందువుల మధ్య దూరం, విభజన సూత్రం, రేఖ వాలు వచ్చేసరికి ఆ విద్యార్థులే తడబడతారు. గణితం బోధిస్తూ నేను గమనించినంతవరకు ఆ తడబాటు సూత్రాల వల్ల వచ్చేది కాదు. బిందువును దేని నుండి, ఏ దిశలో, ఏ వరుసలో కొలుస్తున్నామన్నది మొదట్లోనే మనసులో స్థిరపడకపోవడం వల్ల వస్తుంది.

అపోహ: రెండు సంఖ్యలూ సరైనవైతే చాలు, వరుస మారినా ఫరవాలేదు.

వాస్తవం: బిందువును సూచించేది క్రమయుగ్మం, అంటే వరుసకు ప్రాధాన్యం ఉన్న సంఖ్యల జత. (3, 5), (5, 3) అనేవి వేర్వేరు బిందువులు. రెండు నిరూపకాలూ, అంటే ఆ జతలోని రెండు సంఖ్యలూ, సమానమైనప్పుడు మాత్రమే వరుస మార్చినా బిందువు మారదు. ఈ నియమం పరీక్షలో మార్కుల కోసం పెట్టుకున్నది కాదని చూపడానికి నేను మొబైల్‌లోని మ్యాపునే ఉదాహరణగా తీసుకుంటాను. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ రెండింటినీ తారుమారు చేస్తే మనం చేరేది ఆర్కిటిక్ ప్రాంతంలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు. తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా రాదు, ఎందుకంటే అక్షాంశం 90 డిగ్రీలకు మించనంతవరకు ఆ జత చెల్లుబాటయ్యే చిరునామాయే. గువాహటి రేఖాంశం 91 డిగ్రీలు దాటుతుంది కనుక అక్కడ ఇలాంటి పొరపాటు వెంటనే బయటపడుతుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ 76, 85 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యనే ఉన్నందున మన ఊళ్ల విషయంలో ఎప్పటికీ బయటపడదు. పైగా మ్యాపులో అక్షాంశాన్ని, అంటే ఉత్తర దక్షిణ దిశల కొలతను ముందు రాయడం వాడుక. గణితంలో అడ్డంగా కొలిచే ఎక్స్-నిరూపకాన్ని ముందు రాస్తాం. ఈ తేడాను విద్యార్థులకు విడమరచి చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులదే.

అపోహ: ఎక్స్-నిరూపకం అంటే ఎక్స్-అక్షం నుండి బిందువుకు ఉన్న దూరం.

వాస్తవం: అన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన అపోహ ఇదేనని నా అభిప్రాయం. పేరులో ఎక్స్ ఉంది కాబట్టి కొలత కూడా ఎక్స్-అక్షం నుండే అనుకోవడం సహజం. నిజానికి ఎక్స్-నిరూపకం వై-అక్షం నుండి కుడికో ఎడమకో ఎంత జరిగామో చెబుతుంది. వై-నిరూపకం ఎక్స్-అక్షం నుండి పైకో కిందికో ఎంత జరిగామో చెబుతుంది. (−4, 3) బిందువు నుండి ఎక్స్-అక్షానికి లంబం గీస్తే దాని పొడవు 3 యూనిట్లు, వై-అక్షానికి గీస్తే 4 యూనిట్లు. ఇక్కడ −4 అని కాక 4 అనే ఎందుకు చెప్పాలో విద్యార్థికి అర్థం కావాలి: దూరం ఎన్నడూ రుణాత్మకం కాదు, నిరూపకం మాత్రం దూరంతో పాటు దిశను కూడా మోస్తుంది. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లనే వై = 3 అనే రేఖను నిలువుగా గీసేవారు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ఆ రేఖ మీద ప్రతి బిందువూ ఎక్స్-అక్షానికి 3 యూనిట్లు పైన ఉంటుంది కనుక అది ఎక్స్-అక్షానికి సమాంతరంగానే ఉండాలి.

అక్షాలు తలాన్ని విడగొట్టే నాలుగు భాగాలను పాదాలు అంటాం; అక్షాల మీది బిందువులను ఏదో ఒక పాదంలో చేర్చడం మరో పొరపాటు. పాదాలను విడదీసేది నిరూపకాల గుర్తులు. సున్నా ధనాత్మకమూ కాదు, రుణాత్మకమూ కాదు కనుక (0, −6) ఏ పాదానికీ చెందదు, అది వై-అక్షం మీద ఉంటుంది. అలాగే (−ఎ, బి) కనిపించగానే రెండో పాదం (ఎడమ పైభాగం) అని రాయకూడదు. ఎ విలువ −2, బి విలువ 5 అయితే ఆ బిందువు (2, 5), అంటే మొదటి పాదం (కుడి పైభాగం) లోనిది.

అపోహ: అక్షాలు ఖండించుకునే మూలబిందువు ఒక్కచోటే ఉంటుంది, దానిని మార్చలేము.

వాస్తవం: మూలబిందువు మన ఎంపిక. రేఖాంశాలను లెక్కించడానికి ప్రాచీన భారతీయ ఖగోళ గణితం ఉజ్జయిని మీదుగా వెళ్లే రేఖను ఆధారంగా తీసుకుంది. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్ రేఖను ఎంచుకుంది. భూమి మారలేదు, ఊళ్ల మధ్య దూరాలూ మారలేదు. (1, 2), (4, 6) బిందువుల మధ్య దూరం 5 యూనిట్లు. మూలబిందువును (1, 2) వద్దకు జరిపితే అవి (0, 0), (3, 4) అవుతాయి. దూరం మళ్లీ 5 యూనిట్లే. కంప్యూటర్ తెర మీద గీసే అనేక ప్రోగ్రాముల్లో మూలబిందువు ఎడమ పైమూలన ఉంటుంది, వై విలువలు కిందికి పెరుగుతాయి. ఆ అమరికను తప్పు అనలేము, అది మరొక ఒప్పందం.

అపోహ: పైకప్పు మీద పాకే ఈగను చూసి ఫ్రెంచ్ గణితవేత్త రెనె డెకార్ట్ నిరూపకాల పద్ధతిని నేటి రూపంలోనే కనిపెట్టాడు.

వాస్తవం: ఈగ కథకు ఆధారం లేదు. 1637లో వెలువడిన ఆయన జ్యామితి గ్రంథంలో మనం గీసే రెండు లంబ అక్షాల జత కనిపించదు. అదే కాలంలో మరో ఫ్రెంచ్ గణితవేత్త పియెర్ ద ఫెర్మా కూడా స్వతంత్రంగా ఇటువంటి ఆలోచనకే చేరుకున్నాడు, కానీ ఆ రచన ఆయన మరణానంతరం 1679లో అచ్చయింది. రుణ నిరూపకాలతో కూడిన నాలుగు పాదాల చిత్రం తరువాతివారి కృషితో క్రమంగా రూపుదిద్దుకుంది. గొప్ప గణితవేత్తలకే కాలం పట్టిన భావనను పిల్లలు ఒక్క పీరియడులో గ్రహించాలని ఒత్తిడి చేయడం న్యాయం కాదు.

అపోహ: గ్రాఫులో కంటికి కనిపించే కోణమే అసలు కోణం.

వాస్తవం: రెండు అక్షాల మీదా స్కేలు ఒకటే అయినప్పుడు మాత్రమే ఇది నిజం. వై = 2ఎక్స్, వై = −ఎక్స్/2 అనే రేఖల వాలుల లబ్ధం −1 కనుక అవి పరస్పరం లంబాలు. ఎక్స్-అక్షం మీద 1 సెం.మీ. = 1 యూనిట్, వై-అక్షం మీద 1 సెం.మీ. = 2 యూనిట్లు అని తీసుకుని గీస్తే, కాగితం మీద వాటి మధ్య కోణం సుమారు 59 డిగ్రీలే వస్తుంది. వృత్తం కూడా ఆ కాగితం మీద దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. అందువల్ల గ్రాఫు మీద స్కేలు రాయని విద్యార్థికి మార్కు తగ్గించేటప్పుడు, ఆ స్కేలు లేకుండా గీసిన చిత్రాన్ని ఎవరూ సరిగా చదవలేరన్న కారణాన్ని కూడా అదే పేపరు మీద రాసి ఇవ్వాలని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.