రాబర్ట్ జాన్సన్ గొంతు అసలు ఏ శ్రుతిలో ఉండేది?

రాబర్ట్ జాన్సన్ పాటని కంప్యూటర్లో కాస్త నెమ్మది చేసి వినండి, వేరే మనిషి పాడుతున్నట్టుంటుంది. ఎవరో వెంట తరుముతున్నట్టు సన్నగా, ఆదుర్దాగా సాగే గొంతు బరువెక్కుతుంది. గిటారు నిదానిస్తుంది, మాటలు విడివిడిగా తెలుస్తాయి. 2010 ప్రాంతంలో ఇలా నెమ్మది చేసిన పాటలు బాగా ప్రచారంలోకి వచ్చాయి. వాటితోపాటే ఒక వాదనా వచ్చింది: ఇన్నేళ్ళూ మనం విన్నది అసలు జాన్సన్‌ని కాదు, ఆయన రికార్డులన్నీ దాదాపు 20 శాతం ఎక్కువ వేగంతో వినిపిస్తున్నాయి అని.

జాన్సన్ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, 1938లో 27 ఏళ్ళకే చనిపోయిన బ్లూస్ గాయకుడు. బ్లూస్ అంటే అక్కడి నల్లజాతివారి పాటల శైలి. రికార్డు చేసినవి 29 పాటలే. 1936 నవంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక హోటల్లో కొన్ని, 1937 జూన్‌లో డాలస్‌లో మిగతావి. 1961లో కొలంబియా సంస్థ వాటిలో కొన్నిటిని ఎల్పీగా తెచ్చాకే ప్రపంచం ఆయన్ని విన్నది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆ ఎల్పీ మొదటిసారి విన్నప్పుడు, పక్కన వాయిస్తున్న రెండో అతనెవరని అడిగాడట. రెండో అతను లేడు. ఒక్క మనిషి చేతులు ఇంత పని చేస్తాయా అన్న ఆశ్చర్యమే, వేగం పెంచి ఉంటారన్న అనుమానానికి దారి తీసి ఉంటుంది.

ఆ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. మనం 78 ఆర్పీఎం ప్లేట్లు అని ఒకే గాటన కట్టేసేవన్నీ నిమిషానికి 78 చుట్ల వేగంతో రికార్డు చేసినవి కావు. మొదటి రోజుల్లో విక్టర్ కంపెనీ ప్లేట్లు చాలావరకు 76 దగ్గర తిరిగేవి. కొలంబియా వాళ్ళు 80 అనేవారు, ఎడిసన్ డైమండ్ డిస్కులదీ 80. ఫ్రాన్సు పాతే కంపెనీవి 90 కూడా దాటేవి. మైనపు బిళ్ళ మీద గాడి కోసే యంత్రాన్ని చాలాచోట్ల బరువుతో నడిపేవారు. తాడుకి కట్టిన పెద్ద బరువు మెల్లగా కిందికి దిగుతుంటే బల్ల తిరిగేది, గవర్నర్ అనే అమరిక ఆ వేగాన్ని అదుపులో ఉంచేది. కరెంటు మోటార్లు వచ్చాకే అంకె స్థిరపడింది. అమెరికాలో కరెంటు సెకనుకి 60 ఆవృత్తులు కాబట్టి అక్కడి మోటారు నిమిషానికి 3600 సార్లు తిరుగుతుంది. పళ్ళచక్రాలతో దాన్ని 46వ వంతుకి తగ్గిస్తే 78.26 వస్తుంది. 50 ఆవృత్తులు వాడే దేశాల్లో అది 77.92.

గాడి కోసేటప్పుడు బల్ల నెమ్మదిగా తిరిగి, వినిపించేటప్పుడు సరైన వేగంతో తిరిగితే పాట వేగమూ పెరుగుతుంది, శ్రుతీ పెరుగుతుంది. గాడి కోసిన యంత్రం వేగంగా తిరిగి ఉంటే పాట నిదానిస్తుంది, శ్రుతి దిగుతుంది. ఎంత తేడాకి ఎంత శ్రుతి మారుతుందో హార్మోనియం మెట్ల మీద చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. నల్లదైనా తెల్లదైనా ఒక మెట్టు నుంచి ఆ వెంటనే వచ్చే మెట్టుకి కంపనాల సంఖ్య సుమారు 5.95 శాతం పెరుగుతుంది. 76 దగ్గర రికార్డు చేసిన ప్లేటుని 78.26 దగ్గర తిప్పితే తేడా మూడు శాతం, అంటే సగం మెట్టు. మామూలు శ్రోతకి అది తెలియకపోవచ్చు గానీ ప్లేటుతో కలిసి వాయించబోయే గిటారిస్టుకి వెంటనే పట్టుబడుతుంది. ఇరవై శాతమంటే మూడు మెట్లు దాటిపోతుంది. జాన్సన్ విషయంలో అది నిజం కావాలంటే, గాడి కోసిన యంత్రం నిమిషానికి 65 చుట్లే తిరిగి ఉండాలి.

ఈ వాదన నాకు నమ్మశక్యంగా లేనిది ఇక్కడే. సగం మెట్టు పొరపాటుకి ఒక వదులు మర చాలు. మూడు మెట్ల తేడా రావాలంటే యంత్రమే పూర్తిగా తప్పి ఉండాలి, లేదా ఎవరో కావాలని చేసి ఉండాలి. అదీ రెండు ఊళ్ళలో, ఏడు నెలల తేడాతో, రెండుసార్లూ ఒకే కొలతలో. పైగా ఆ రోజుల్లో ఆ గదుల్లో పాడింది జాన్సన్ ఒక్కడే కాదు. కంపెనీ వాళ్ళు ఒక ఊళ్ళో మకాం వేస్తే దొరికిన కళాకారులందరినీ వరసగా రికార్డు చేసేవారు. అదే నవంబరులో శాన్ ఆంటోనియోలో చక్ వేగన్ గ్యాంగ్ అనే భక్తిగీతాల బృందం పాడింది. డాలస్‌లో అదే జూన్‌లో లైట్ క్రస్ట్ డోబాయ్స్ వంటి, నాట్యాలకి సంగీతం వాయించే టెక్సస్ బృందాలు వాయించాయి. యంత్రానిది తప్పయితే వాళ్ళందరి గొంతులూ మూడు మెట్లు పైకి లేవాలి.

జాన్సన్‌ని ఎదురుగా విన్నవాళ్ళు చాలాకాలం మన మధ్యే ఉన్నారు. ఆయన దగ్గరే గిటారు నేర్చుకున్న రాబర్ట్ లాక్‌వుడ్ 2006 దాకా బతికాడు. ఆయనతో ఊళ్ళు తిరిగిన జానీ షైన్స్ 1992 దాకా, హనీబాయ్ ఎడ్వర్డ్స్ 2011 దాకా ఉన్నారు. జాన్సన్ గురించి అడిగినవాళ్ళందరికీ దశాబ్దాల తరబడి చెప్పుకొచ్చిన మనుషులు వీళ్ళు. రికార్డులోది ఆయన గొంతు కాదని వీళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు. శబ్దం మీద చేసే ఏ లెక్క కన్నా ఈ సాక్ష్యమే నాకు బరువైనదిగా కనిపిస్తుంది.

అయినా శబ్దాన్నీ అడగవచ్చు. పియానో ఉంటే పని సులువు, దాని శ్రుతిని పాటకోసారి మార్చరు. గిటారు అలా కాదు. తీగలు బిగించుకోవచ్చు, గిటారు మెడకి కాపో అనే, తీగల్ని నొక్కిపట్టే బిగింపు తగిలించి శ్రుతి పెంచుకోవచ్చు. ఒంటరి గిటారుతో పాడే బ్లూస్ గాయకుల దగ్గర ఇంత చర్చ జరగడానికి కారణం అదే. గమకంలో గొంతు ఊగే వేగం కూడా అంతగా తేల్చదు. పాశ్చాత్య గాయకుల్లో అది సాధారణంగా సెకనుకి ఐదు నుంచి ఏడు. ఆరుని ఐదు చేసినా అది మనిషి గొంతులాగే ఉంటుంది. ప్లేటు మీద కరెంటు మోత పడి ఉంటే అది 60 దగ్గరో 120 దగ్గరో ఉండాలి, 72 దగ్గర కనిపిస్తే ప్లేటు 20 శాతం వేగంగా తిరుగుతున్నట్టే. కానీ బ్యాటరీలతో నడిచిన యంత్రాల రికార్డుల్లో ఆ మోతే ఉండదు.

అన్నిటికన్నా బాగా పనికొచ్చేది అచ్చులు పలికే తీరు. పాడేవాడు శ్రుతి మార్చుకోగలడు గానీ గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న నాళం పొడవుని పెద్దగా మార్చుకోలేడు. ఎదిగిన మగవాడికి అది సుమారు 17 సెంటీమీటర్లు. ‘అ’, ‘ఇ’, ‘ఉ’ల నాదం ఆ పొడవుని బట్టి ఏర్పడుతుంది. ప్లేటు మీది గొంతు సగటు మగవాడిదే అనుకుంటే, నెమ్మది చేసిన గొంతుకి 20 సెంటీమీటర్లు దాటిన నాళం కావాలి, అంటే చాలా భారీ మనిషి కావాలి. ఫొటోల్లో కనిపించే జాన్సన్ సన్నటి ఒళ్ళూ పొడుగాటి వేళ్ళూ ఉన్న మనిషి. ‘కమ్ ఆన్ ఇన్ మై కిచెన్’ మధ్యలో ఆయన పాడటం ఆపి, బయట గాలి హోరు వినమని మామూలుగా మాట్లాడతాడు. ఆ చిన్న మాటని రెండు వేగాల్లోనూ విని చూడండి. నెమ్మది చేసినప్పుడు నాలుక మొద్దుబారినట్టు ఉంటుంది. పాటలో చెవి మోసపోవచ్చు, మాటలో అంత తేలిగ్గా మోసపోదు.

అలాగని వేగం ప్రశ్న తీరిపోయిందని కాదు. రెండు మూడు శాతం తేడాలు జాన్సన్ పాటల్లోనూ ఉండవచ్చు. విస్కాన్సిన్‌లో ఒక కుర్చీల కంపెనీ నడిపిన పేరమౌంట్ సంస్థది ఇంకా కష్టమైన వ్యవహారం. చార్లీ ప్యాటన్, సన్ హౌస్ వంటి బ్లూస్ గాయకుల్ని రికార్డు చేసిన ఆ సంస్థ మాతృకలు, అంటే ప్లేట్లు అచ్చు వేసే మూల అచ్చులు, చాలావరకు పోయాయి. అరిగిపోయిన లక్క ప్లేట్లే మిగిలాయి. ప్లేటు నడిమి బెజ్జం ఏ కాస్త పక్కకి జరిగినా శ్రుతి సెకనుకి 1.3 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. మేలైన స్టూడియోలకీ పొరపాట్లు తప్పలేదు. 1959లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఎల్పీ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపు పాటల్ని రికార్డు చేసిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా నడిచింది. అందువల్ల ఎల్పీలో ఆ మూడు పాటలూ కొంచెం ఎక్కువ శ్రుతిలో పడ్డాయి. అదే రోజు పక్కన నడిచిన రెండో యంత్రం టేపు దొరకబట్టి 1990లలో వాటిని సరిచేయగలిగారు. ప్యాటన్‌కి అలాంటి రెండో టేపు లేదు.

మన దేశపు పాత ప్లేట్లకీ ఇవే పరీక్షలు వర్తిస్తాయి. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. ఆ మాటే ఇప్పుడు వేగం సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మన రంగస్థల పద్యాల ప్లేట్లలో మాట లేకపోయినా హార్మోనియం ఉంటుంది. దాని రీడు పాట మధ్యలో శ్రుతి మారదు. ఒకే గాయకుడి నాలుగైదు ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూస్తే, పెట్టె శ్రుతి మెట్ల మధ్య ఎక్కడో పడుతున్న ప్లేటు వేగం తప్పిందని తెలుస్తుంది. పాత ప్లేట్లని డిజిటల్‌లోకి మార్చేవాళ్ళు ఏ ఆర్పీఎం దగ్గర తిప్పారో, ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారో ఫైలుతోపాటే ఒక ముక్క రాసి పెడితే, తర్వాత ఎవరైనా దాన్ని మళ్ళీ సరిచూడగలరు.