18 ఏళ్ళు నిండిన ఆడపిల్ల సంతకం: అపోహలు, వాస్తవాలు

కోనసీమలో ఆడపిల్ల ‘పెద్దమనిషి’ అయ్యేది పన్నెండేళ్ళకో పదమూడేళ్ళకో. ఆనాడు తాటాకు చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, చుట్టాలందరినీ పిలుస్తారు. చట్టం దృష్టిలో ఆమె పెద్దదయ్యే రోజును మాత్రం పుట్టినరోజు కేకుతో సరిపెడతారు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండిన ఆ రోజు నుంచే ఆమె సంతకానికి విలువ వస్తుంది. అమలాపురంలో ఇరవై ఏళ్ళకు పైగా ప్లీడరుగా ఉన్న నేను గమనించినంతవరకు, ఆ విలువ ముందుగా తెలిసేది అమ్మాయికి కాదు, ఆమె సంతకంతో అవసరం ఉన్నవాళ్ళకు.

అపోహ: ఇంట్లోవాళ్ళు పెట్టమన్నచోట సంతకం పెడితే పోయేదేమీ లేదు.

వాస్తవం: మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని, ఆనాడు మనకు పై కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. 18 నిండిన రోజు నుంచి ఆ రక్షణ ఉండదు. అల్లవరం వైపు నుంచి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకతె బ్యాంకు నోటీసు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. అన్న రొయ్యల చెరువుకు తీసుకున్న అప్పుకు ఆమె హామీ సంతకం చేసింది. తెల్లమచ్చ తెగులు సోకి పట్టుబడికి ముందే చెరువు ఖాళీ అయింది. “అప్పు అన్నయ్యది కదండీ, ముందు అన్నయ్యను అడగాలి కదండీ” అన్నది ఆమె ప్రశ్న. అడగాలని చట్టంలో లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీ ఉన్నవాడి బాధ్యతా అంతే, కనుక బ్యాంకు నేరుగా ఆమె మీదకే రావచ్చు. స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటు మీద చేసిన సంతకం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఆ స్టాంపు సరిపోయే మొత్తం వరకు ఖాళీలు పూరించుకునే అధికారం పుచ్చుకున్నవాడికి దక్కుతుంది.

అపోహ: కట్నమో, పసుపు కుంకుమ కింద పొలమో ఇస్తే పుట్టింటి ఆస్తిలో ఆడపిల్ల వాటా తీరిపోయినట్లే.

వాస్తవం: తీరదు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానమైన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ, పెళ్ళయిన కూతురు, కాని కూతురు అన్న తేడాను తీసివేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను ఇది కదిలించదు. తండ్రి తన స్వార్జితాన్ని తనకు ఇష్టమైనవారికి వీలునామా రాసుకోవచ్చు కూడా.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. 1996లో, నాకు 19వ ఏట, పాస్‌బుక్కు పని ఉందని చెప్పి ఇంటి పెద్దలు నన్ను రిజిస్ట్రారాఫీసుకు తీసుకువెళ్ళారు. ఎడమ బొటనవేలికి నల్లసిరా పూసి వేలిముద్ర వేయించారు. ఆ సిరా ఎంతకూ వదలక ఇంటికొచ్చాక కొబ్బరినూనెతో తుడుచుకున్నాను. లా చదివే రోజుల్లో నకలు తీయించి చూస్తే, అది కొబ్బరి తోటలో నా హక్కు వదులుకుంటూ రాసిన విడుదల దస్తావేజు. మోసం తెలిసిన మూడేళ్ళలోగా దావా వేయవచ్చని అప్పటికే చదువుకున్నాను, అయినా అమ్మ బతికుండగా అన్నయ్య మీద కోర్టుకెక్కడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ ఆ తోటలో దింపు తీసినప్పుడల్లా వదిన పది కాయలు పంపుతుంది.

అపోహ: మైనరుగా ఉండగా అమ్మేసిన ఆస్తి, జరిపించేసిన పెళ్ళి ఇక మారవు.

వాస్తవం: రెండింటినీ మార్చవచ్చు, కాని గడువు ఉంది. హిందూ మైనరు పేరున విడిగా ఉన్న స్థిరాస్తిని తల్లి గాని తండ్రి గాని కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, మేజరయిన మూడేళ్ళలోగా, అంటే 21 నిండేలోపు, దానిని రద్దు చేయమని ఆమె దావా వేయవచ్చు. తండ్రి పోయాక తన వంతుకు వచ్చిన ముప్పై సెంట్ల చేను ఇలా అమ్ముడైపోయిన అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్టు చూసి లెక్క కడితే 21 ఏళ్ళ నాలుగు నెలలు. ఆ కాగితం తిరిగి ఆమె చేతికిచ్చిన క్షణం నాకు బాగా గుర్తు. బాల్యవివాహాన్ని రద్దు చేయించుకోవడానికి 2006 చట్టం మేజరయ్యాక ఇచ్చిన గడువు రెండేళ్ళే.

అపోహ: 18 నిండి పాస్‌పోర్టు ఉంటే ఇంటిపనికి కువైట్ వెళ్ళవచ్చు.

వాస్తవం: రాజోలు, మలికిపురం ప్రాంతాల ఏజెంట్లు దాచే విషయం ఇదే. పదో తరగతి పాసవని మహిళకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి విదేశం వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి అవసరమైనది) మీద గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళాలంటే కనీస వయసు 30. అందుకే కొందరు వయసు పెంచిన కాగితాలు పుట్టిస్తారు, మరికొందరు విజిట్ వీసా మీద పంపుతారు; అక్కడ జీతం ఎగ్గొట్టినా, కొట్టినా, ఆమె వెళ్ళినట్లు ఇక్కడి రికార్డులో ఉండదు.

అపోహ: 18 నిండాక పోషించే బాధ్యత తండ్రికి లేదు.

వాస్తవం: తన సంపాదనతో గాని ఆస్తితో గాని బతకలేని పెళ్ళికాని కూతురిని పోషించే బాధ్యత హిందూ తండ్రికి 1956 చట్టం ప్రకారం కొనసాగుతుంది. చదువు మాన్పిస్తామని బెదిరించి సంతకాలు పెట్టించే ఇళ్ళల్లో ఈ ఒక్క మాట చాలాసార్లు పనికొచ్చింది.

అపోహ: ప్లీడరు ఫీజుకు డబ్బు లేకపోతే కోర్టు మాట ఎత్తనక్కరలేదు.

వాస్తవం: 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వడానికి ఆదాయ పరిమితి లేదు. 15100కు ఫోను చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వవచ్చు. వచ్చేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్టు, సంతకం పెట్టిన కాగితం నకలు తెచ్చుకోవాలి. నకలు లేకపోతే దస్తావేజు నంబరు, రిజిస్టరయిన సంవత్సరం తెలిసినా చాలు.