పేగుల్లో బ్యాక్టీరియాకి మనం ఏం తిండి పెడుతున్నాం?

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం వైపు చాలా మెడికల్ షాపుల్లో యాంటీబయాటిక్ కొంటే దాంతోపాటు ప్రోబయోటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా ఉండే క్యాప్సూళ్ళు) స్ట్రిప్ కూడా కవర్లో పడుతుంది. ఇక్కడ పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు కొంతమంది దాన్ని విటమిన్ బిళ్ళలాగా నెలల తరబడి వేసుకుంటూనే ఉంటారు, గట్ హెల్త్ బాగుంటే ఇమ్యూనిటీ, స్కిన్, మూడ్ అన్నీ సెట్ అయిపోతాయని రీల్స్‌లో చూసి. పేగుల్లో బ్యాక్టీరియాకీ ఒంటి ఆరోగ్యానికీ సంబంధం ఉన్నమాట నిజమే, అందులో డౌట్ లేదు. కానీ డబ్బులు పోసి బయటినుంచి బ్యాక్టీరియా తెచ్చుకుంటూ, లోపల ఆల్రెడీ ఉన్నవాటిని పస్తు పెట్టడం ఏంటి అనేదే నా బాధ.

లోపల ఉన్నవి తక్కువేం కాదు. 2016లో అచ్చయిన లెక్క ప్రకారం ఒక మామూలు మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. (మన కణం ఒకటికి బ్యాక్టీరియా పది అని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది పాత అంచనా.) అన్నీ కలిపి తూస్తే 200 గ్రాములు, అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనం తిన్న అన్నం, చక్కెర, నూనె చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతాయి, మన ఎంజైములకి లొంగని పీచు మాత్రం పెద్దపేగు దాకా వస్తుంది, వీటికి అసలు తిండి అదే. దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. బ్యూటిరేట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దపేగు లోపలి గోడ కణాలు తమకి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం దీన్నుంచే తీసుకుంటాయి. ఆ గోడ గట్టిగా ఉంటేనే బ్యాక్టీరియా, వాటి ముక్కలు రక్తంలోకి జారకుండా ఉంటాయి, జారాయంటే ఇమ్యూనిటీ కణాలు రెచ్చిపోయి ఒళ్ళంతా లోలోపల ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రాజుకుంటుంది, షుగర్, ఫ్యాటీ లివర్ లాంటివాటితో దీనికి సంబంధం కనిపిస్తోంది కాబట్టే డాక్టర్లు ఇప్పుడు పేగుల గురించి ఇంతగా మాట్లాడుతున్నారు.

మరి పీచు దొరక్కపోతే? 2016లోనే ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. పీచు లేని మేత పెడితే బ్యాక్టీరియా పేగు గోడని కాపాడే జిగురు పొరనే తినడం మొదలెట్టాయి, పొర పల్చబడ్డాక జబ్బుచేసే క్రిమి ఈజీగా గోడ దాకా చేరింది. ఎలుకల్లో జరిగిందంతా మనకీ అలాగే జరుగుతుందని కాదు, కానీ అది చదివినప్పుడల్లా నాకు పీజీ మెస్ ప్లేటే కళ్ళముందు కనబడుతుంది. పాలిష్ పట్టిన తెల్లన్నం, నీళ్ళ సాంబారు, రెండు ముక్కల బంగాళాదుంప వేపుడు, అప్పడం, రాత్రికి బిర్యానీ ఆర్డర్.

ఇడ్లీ దోశ తింటాం కదా, అవి పులిసినవే కదా అంటారు. రుబ్బిన పిండి రాత్రంతా పెడితే లూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ వదిలి పిండిని పొంగిస్తుంది, పొద్దున మూత తీసి గరిట పెడితే బుడగలు పగులుతూ పుల్లటి వాసన వస్తుంది చూడండి, అదంతా వాటి పనే. అయితే ఆవిరికి పెట్టగానే అవి చచ్చిపోతాయి. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, మంచి టిఫినే, కానీ బతికున్న బ్యాక్టీరియా కావాలంటే పెరుగే. బెంగళూరు డిసెంబర్ చలికి పెరుగు సరిగ్గా తోడుకోదు, పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసి, గిన్నెకి టవల్ చుట్టి పెట్టాలి, ఎందుకంటే ఆ బ్యాక్టీరియాకి 40 డిగ్రీల దగ్గరి వేడి ఇష్టం. నెలల తరబడి బయటే ఉన్నా పాడవని ప్యాకెట్ మజ్జిగని మాత్రం బాగా వేడి చేసే ప్యాక్ చేస్తారు, దాంట్లో బతికున్నవి ఉండవు. మజ్జిగ పులుసు కాగబెట్టినా అంతే.

పెరుగుకి ఆయుష్షుకి ముడిపెట్టింది మొదట మెచ్నికాఫ్, 1908లో నోబెల్ అందుకున్న సైంటిస్టు, బల్గేరియా పల్లెల్లో పుల్లటి పాలు తాగేవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారని నమ్మాడు. ఇప్పుడు తెలిసింది ఏంటంటే పెరుగులో బ్యాక్టీరియా చాలావరకు మన పేగుల్లో కాపురం పెట్టవు, కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోతాయి. అలాగని వేస్ట్ కాదు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మందితో చేసిన స్టడీలో, 10 వారాలు పులిసినవి ఎక్కువగా తిన్నవాళ్ళలో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఇన్‌ఫ్లమేషన్ చూపించే 19 ప్రోటీన్లు తగ్గాయి.

క్యాప్సూళ్ళ సంగతికొస్తే, ఏ జబ్బుకి ఏ స్ట్రెయిన్ (ఒకే బ్యాక్టీరియాలో ఉండే ఉపరకం) అనేదాన్ని బట్టే అంతా. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో ఒక ట్రయల్ చేశారు, దాని ఫలితాలు 2017లో అచ్చయ్యాయి, వాళ్ళలో సగంమందికి ఒక్క వారం రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక స్ట్రెయిన్‌ని, దానికి తిండిగా ఉండే ఒక రకం చక్కెరతో కలిపి ఇస్తే, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. చవగ్గా దొరికే మందు పసిప్రాణాలకి ఇంత చేయగలదంటే నిజంగా గొప్ప విషయం. కానీ 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ స్టడీలో (చిన్నదే, 21 మందితో) యాంటీబయాటిక్ తర్వాత 11 స్ట్రెయిన్ల ప్రోబయోటిక్ వేసుకున్నవాళ్ళకి సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ వేసుకోనివాళ్ళ కంటే లేటయింది. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు తగ్గడానికి కొన్ని స్ట్రెయిన్లు పనిచేస్తాయి, కాబట్టి డాక్టర్ రాస్తే వేసుకోండి, కోర్సు అయ్యాక మాత్రం ఆపేయాలో లేదో అడగండి. కీమో తీసుకుంటున్నవాళ్ళు, ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళు అడక్కుండా అస్సలు ముట్టుకోవద్దు, ఆ బ్యాక్టీరియానే రక్తంలో చేరి ఇన్‌ఫెక్షన్ అయిన కేసులున్నాయి.

రోజూ చేసుకోగలిగింది ప్లేట్లోనే ఉంది. గోరుచిక్కుడు, తోటకూర, అలసందలు, రాగిసంగటి, రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపిన చద్దన్నం (అన్నం చల్లారితే దాంట్లో కొంత పిండిపదార్థం అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్తుంది). చలికాలం వస్తే ఇక్కడ మార్కెట్ నిండా అనపకాయలే, చిత్తూరు వాళ్ళయితే పితికిన పప్పు చేయకుండా ఉండరు. పప్పుధాన్యాలు తింటే గ్యాస్ అని భయపడి మానేస్తారు చాలామంది, ఆ గ్యాస్ బ్యాక్టీరియా పీచుని పులియబెడుతున్నప్పుడు వచ్చేదే. అలవాటు లేని కడుపుకి ఒక్కసారే గిన్నెడు పెట్టకుండా మొదటివారం రెండు మూడు స్పూన్లతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగుతూ మెల్లగా పెంచితే చాలామందికి ఉబ్బరం కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి పెంచుకోవాలి.