ఓడిపోయే టీమ్‌లో ఆడితే ఏమొస్తుంది సార్?

ఏటా ఇంటర్ కాలేజియేట్ ఎంట్రీల టైమ్ వచ్చిందంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "సార్, మావాడు మీ కబడ్డీ టీమ్‌లో ఉన్నాడంట. మీ టీమ్ ఏటా మొదటి రౌండ్‌లోనే పోతుందంట కదా. ఓడిపోయే టీమ్‌లో ఆడితే వాడికేమొస్తుంది? మాన్పించేయమంటారా?"

పోయిన వారం ఒక తండ్రి మళ్ళీ ఇదే అడిగారు. ఆయన తప్పేమీ లేదు. కొడుకు డిగ్రీ రెండో ఏడు, ఇంట్లో అప్పులు, ఊళ్ళో ఎవరో ఏదో చెప్పారు. ఆయన టెన్షన్ నాకు అర్థమవుతుంది. నా కోపమంతా ఆ చెప్పినవాళ్ళ మీదే. ఒక్కరోజు కూడా గ్రౌండ్ మొహం చూడనివాళ్ళు పిల్లల భవిష్యత్తు మీద తీర్పులు చెప్పేస్తారు.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. 18 ఏళ్ళయింది. మా కబడ్డీ టీమ్ ఓడుతున్న మాట నిజం. గత ఆరేళ్ళలో ఇంటర్ కాలేజియేట్‌లో మేం గెలిచినవి రెండే మ్యాచ్‌లు. అయినా ప్రతి మ్యాచ్‌కీ గీత బయట నిలబడి గొంతు పోయేదాకా అరుస్తాను. ఆ టీమ్‌కి నేను పీడీని మాత్రమే కాదు, అభిమానిని కూడా. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: జట్టు ఓడితే అందులో ఆడినవాడూ ఓడినట్టే

పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఒక్క మాటే.

వాస్తవం ఏమిటంటే, ఇంటర్ కాలేజియేట్ పెట్టేది ట్రోఫీ ఇవ్వడానికి మాత్రమే కాదు, యూనివర్సిటీ జట్టును ఎంపిక చేయడానికి కూడా. కోర్టు పక్కన టేబుల్ వేసుకుని సెలక్షన్ కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ చేతిలో ఉండేది స్కోరు షీటు కాదు, చెస్ట్ నంబర్ల కాగితం. వాళ్ళు వెతికేది గెలిచే కాలేజీని కాదు, పన్నెండు మంది ఆటగాళ్ళని. ఒక మంచి లెఫ్ట్ కార్నర్, అంటే ఎడమ చివర నిలబడి పట్టే డిఫెండర్, కావాలనుకోండి. ఆ కుర్రాడు ఫైనల్ ఆడిన కాలేజీలోనే ఉండాలని రూలేమీ లేదు. మొదటి రౌండ్‌లో ఇంటికెళ్ళిన కాలేజీలోనూ ఉండొచ్చు.

ఇంకో మాట చెబుతాను. ఓడే జట్టులో డిఫెండర్‌కి పని ఎక్కువ. అవతలి మంచి రైడర్లు వరసపెట్టి మీదకొస్తూనే ఉంటారు. పట్టు తెలిసినవాడైతే అది బయటపడటానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు.

నాలుగేళ్ళ కిందటి మ్యాచ్ చెబుతాను. 51-17తో ఓడిపోయాం. నాలుగుసార్లు ఆలౌట్, అంటే అవతలివాళ్ళకు నాలుగు లోనాలు (ఆలౌట్ చేసినందుకు వచ్చే అదనపు పాయింట్లు). మా లెఫ్ట్ కార్నర్ పల్లెటూరి కుర్రాడు, మట్టి కోర్టు తప్ప ఎరగనివాడు. అవతలి రైడర్ అప్పటికే యూనివర్సిటీకి ఆడినవాడు. వచ్చీ రావడంతోనే కుడికాలు చాచి బోనస్ గీత దాటి పెడుతున్నాడు. రెండుసార్లు మావాడు కదల్లేదు. నేను బయట నుంచి అరుస్తున్నాను, "పట్టరా, పట్టు" అని. వాడు నా మాట వినలేదు, ఆ కాలునే చూస్తున్నాడు. మూడోసారి ఆ కాలు నేలకు ఆనీ ఆనకముందే రెండు చేతులతో మడమ పైన దొరకబుచ్చుకుని, ఛాతీ మ్యాట్‌కి ఆనించి పడిపోయాడు. పక్కనున్న కవర్ డిఫెండర్ వచ్చి నడుం పట్టేశాడు. విజిల్. ఆ మ్యాచ్‌లో అదే రైడర్‌ని అదే యాంకిల్ హోల్డ్‌తో నాలుగుసార్లు పట్టాడు.

మ్యాచ్ అయ్యాక మా పిల్లలు తలలు దించుకుని బ్యాగులు సర్దుకుంటుంటే కమిటీలో ఒకాయన నా దగ్గరికొచ్చారు. "మాస్టారూ, ఏడో నంబరు కుర్రాడు ఏ ఇయర్?"

"సెకండియర్ సార్."

"రేపు సెలక్షన్స్‌కి ఉండమనండి."

ప్రాబబుల్స్‌లో, అంటే తుది ఎంపికకు ముందు వేసే జాబితాలో, పేరొచ్చింది. కోచింగ్ క్యాంప్‌కి వెళ్ళాడు. చివరికి బోర్డు మీద పెట్టిన పన్నెండు పేర్లలో వాడిది పదకొండోది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ యూనివర్సిటీలు తలపడే సౌత్ జోన్‌కి వెళ్ళి ఆడొచ్చాడు. అక్కడా జట్టు మొదటి నాలుగు స్థానాల్లోకి రాలేదు, ఆలిండియా దాకా వెళ్ళలేదు. కానీ వాడి చేతికి ఫారం-3, అంటే యూనివర్సిటీ తరఫున ఆడినట్టు ఇచ్చే సర్టిఫికెట్, వచ్చింది. ఇప్పుడు పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

అదే రోజు మమ్మల్ని ఓడించిన జట్టు ఫైనల్ గెలిచింది. ఆ జట్టులో బెంచీ మీద కూర్చున్న పిల్లలకూ మెడల్స్ వచ్చాయి. మెడల్ సంతోషమే, ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు. కానీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఇంటర్ కాలేజియేట్ గెలుపుకు చోటు లేదు. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీలో ఆడితే చోటుంది. ఈ తేడా తల్లిదండ్రులకే కాదు, కొందరు లెక్చరర్లకు కూడా తెలియదు.

దీనివల్ల జరిగే అసలు నష్టం వేరే ఉంది. "ఎలాగూ ఓడతాం, టీఏ డీఏలు దండగ" అని కొన్ని కాలేజీలు ఎంట్రీయే పంపవు. మా దగ్గర ఎంట్రీ పోని కాలేజీ పిల్లలకు సెలక్షన్స్‌లో పేరే ఉండదు. ఒక ఏడాది మా కాలేజీలోనే అలా జరిగింది. ఈసారీ ఓటమే, ఎందుకు పరువు తీసుకోవడం అని హాస్టల్లో ఎవరో మొదలుపెట్టారు. పొద్దున్నే బస్టాండ్‌కి వచ్చింది ఆరుగురే. కోర్టులో ఆడేది ఏడుగురు. ఎదురు చూశాం, ఫోన్లు చేశాం, ఒక్కరూ ఎత్తలేదు. చివరికి స్క్రాచ్ అయ్యాం, అంటే ఆడకుండానే పోటీ నుంచి పోయాం. ఆ ఆరుగురిలో ఒకడు ఫైనలియర్ రైడర్. మా కాలేజీలో నేను చూసిన రైడర్లందరిలో వాడే మేటి. ఆ తర్వాత పీజీ చదివే స్తోమత లేదు, పనికి వెళ్ళిపోయాడు. బస్టాండ్ బెంచీ మీద షూ లేసులు కట్టుకుని మరీ కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంటాడు. ఫోన్ ఎత్తకపోయిన పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళకు ఆ మాట ఎక్కించినవాళ్ళను మాత్రం క్షమించలేను.

అపోహ: ఏ సర్టిఫికెట్ అయినా స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుంది

కాలేజీ టీమ్‌తో లాభం లేదనుకున్నవాళ్ళు సరిగ్గా వెళ్ళి పడేది ఈ గుంటలోనే. "కాలేజీ తరఫున ఎందుకండీ, డబ్బు కట్టండి, డైరెక్ట్‌గా నేషనల్స్ ఆడిస్తాం" అంటూ తిరిగేవాళ్ళున్నారు. పేరులో 'ఆలిండియా' ఉంటుంది, 'ఫెడరేషన్' ఉంటుంది, సర్టిఫికెట్ మీద మూడు రంగులుంటాయి.

ఒకాయన అలాంటి సర్టిఫికెట్‌కి 15 వేలు కట్టారు. పత్తి రైతు. కొడుక్కి 'గోల్డ్ మెడల్' వచ్చింది. దాన్ని ల్యామినేషన్ చేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దాచుకుని నా గదికి తెచ్చారు. అప్పటికే వెరిఫికేషన్‌లో పక్కన పెట్టేశారు. "ఏదో ఒక సంతకం పెట్టి దీన్ని సరిచేయండి సార్" అన్నారు. సరిచేయడానికి అందులో ఏమీ లేదు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

గుర్తుపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ కోటాకి ముఖ్యంగా నాలుగు ఫారాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం-1, జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి ఇస్తారు. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇస్తారు. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం-3, యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే అధికారి ఇస్తారు. జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే ఫారం-4, అది విద్యాశాఖ నుంచి వస్తుంది. మీ చేతిలో ఉన్న కాగితం నోటిఫికేషన్‌లో చెప్పిన ఏ ఫారం కిందకీ రాదంటే, దాని మీద ఎన్ని ముద్రలున్నా ఈ కోటాకి పనికిరాదు. ఫెడరేషన్‌కి కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

మెడల్ లేకుండా ఆడితే చాలా అని అడుగుతారు. అర్హత ఉంటుంది. కానీ వరసలో మెడల్ వచ్చినవాళ్ళు ముందుంటారు, ఆడి మెడల్ రానివాళ్ళు వాళ్ళ తర్వాత వస్తారు. రాష్ట్ర ప్రభుత్వాల కోటా నిబంధనలు వేరు, ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషన్ చదవాలి. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో స్పోర్ట్స్ కోటా 0.5 శాతం, అంటే వెయ్యి సీట్లకు ఐదు. దానికోసం అప్పులు చేసి సర్టిఫికెట్లు కొనకండి.

కాగితం, పద్ధతి ఎంత ముఖ్యమో చెప్పడానికి విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ సంగతి నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ అథ్లెటిక్స్. 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా ఆ రికార్డు ఆమెకు దక్కలేదు. అక్కడ డోప్ టెస్టు జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి లేరు. ఆమె తప్పు ఆవగింజంత లేదు. మళ్ళీ పరిగెత్తి 2022 మేలో సైప్రస్‌లో 13.23తో ఆ రికార్డును తన పేరు మీదకు తెచ్చుకుంది. అంత గొప్ప పరుగే లెక్కలోకి రాలేదంటే, ఎవరో సందులో అచ్చేయించిన కాగితం ఎలా నిలబడుతుంది?

అపోహ: సెలక్షన్ అంతా రికమండేషనే

అన్నిచోట్లా నూటికి నూరుపాళ్ళు సక్రమంగా జరుగుతుందని నేను చెప్పను. మా పిల్లలకు అన్యాయం జరిగిందనిపించిన రోజులూ ఉన్నాయి. కానీ ఏ రికమండేషనూ లేని మా ఏడో నంబరు కుర్రాడు ఎంపికయ్యాడు. పేరు ఎంట్రీలో లేనివాడికి న్యాయమూ జరగదు, అన్యాయమూ జరగదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను

బయటి ఆటగాడిని డమ్మీగా దించితే గెలవొచ్చు అంటారు. దొరికితే జట్టు డిస్‌క్వాలిఫై, మొత్తం పిల్లలందరి ఏడాది పోతుంది. ఇంటర్ యూనివర్సిటీకి ఆడాలంటే రెగ్యులర్ విద్యార్థి అయ్యుండాలి, 25 ఏళ్ళు నిండకూడదు.

ఆడితే అటెండెన్స్ పోతుందంటారు. యూనివర్సిటీ తరఫున ఆడిన రోజులకు ఆన్ డ్యూటీ లెటర్ తెచ్చి అదే వారం ఆఫీసులో ఇవ్వండి. పరీక్షల ముందు తెస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

కాలు మడత పడితే వేడి కాపడం, గట్టి మర్దన అంటారు. మొదటి రెండు రోజులు రెండూ వద్దు. ఐస్ పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి, నిలబడలేకపోతే డాక్టర్‌కి చూపించండి.

బరువు పరిమితి 85 కిలోలు దాటితే ముందురోజు నీళ్ళు మానేసి తగ్గొచ్చంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక కుర్రాడు అలాగే చేసి సెకండ్ హాఫ్‌లో నా చేతుల్లోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. నెల ముందు నుంచి తగ్గాలి.

మట్టి మీద ఆడేవాళ్ళు మ్యాట్ మీద పనికిరారు అంటారు. ఇది సగం నిజం. పట్టు మట్టి మీదే బాగా వస్తుంది. ఇబ్బందల్లా పాదాల దగ్గరే. మట్టి మీద జారి ఆగుతారు, మ్యాట్ మీద పాదం అతుక్కుపోయి మోకాలు తిరుగుతుంది. ఉత్తకాళ్ళతో దిగితే పది నిమిషాల్లో బొటనవేలి కింద చర్మం లేచిపోతుంది. అందుకే టోర్నీకి కనీసం నెలరోజుల ముందు నుంచి కబడ్డీ షూతో ప్రాక్టీస్ చేయాలి. కొత్త షూ మ్యాచ్ రోజున వేసుకుంటే బొబ్బలు ఖాయం.

మా పోస్టల్ కుర్రాడు సెలవు దొరికినప్పుడల్లా సాయంత్రం గ్రౌండ్‌కి వస్తాడు. ఫస్టియర్ పిల్లలను కూర్చోబెట్టి, రైడర్ ముఖం చూడొద్దురా, కాలు చూడు అని చెబుతాడు. మొన్న వాడు యాంకిల్ హోల్డ్ పట్టి చూపిస్తుంటే గట్టు మీద ఒకాయన కూర్చుని ఉన్నారు. పోయిన వారం ఫోన్ చేసిన తండ్రే. నాతో ఏమీ అనకుండా గంటసేపు చూశారు. చీకటి పడి పిల్లలు నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాక లేచి నా దగ్గరికొచ్చారు.

"సార్, మావాడికి ఎన్నో నంబరు షూ తీసుకోవాలి?"