కామెర్లు, వణుకు, కంటిలో వలయం: విల్సన్ జబ్బు ఎలా బయటపడింది

పిల్లలకు కామెర్లు వస్తే వరంగల్, ములుగు చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ముందు పసరు మందే పోయిస్తారు. వైరస్‌తో వచ్చిన కామెర్లు ఎక్కువగా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. కానీ తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే విల్సన్ జబ్బును కూడా అనుమానించాలి. ఇందులో లివర్ రాగిని బయటికి పంపలేదు. ఆ రాగి మొదట లివర్‌లో, తర్వాత మెదడులో, కంటిలో పేరుకుంటుంది. సుమారు 30 వేల మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇది.

వైద్యశాస్త్రానికి కూడా ఇది ముక్కలు ముక్కలుగానే దొరికింది. నల్లగుడ్డు అంచున ఆకుపచ్చ, గోధుమ రంగు కలిసిన వలయాన్ని 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ వర్ణించారు. ఇద్దరూ జర్మనీ కంటి వైద్యులే. 1912లో లండన్‌లో నరాల వైద్యుడు కిన్నియర్ విల్సన్ వయసులో ఉన్నవాళ్లకు చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, కండరాలు బిగుసుకుపోవడం గమనించారు. చనిపోయాక పరీక్షిస్తే వాళ్ల లివర్ గట్టిపడి ఉంది. బతికున్నప్పుడు లివర్ జబ్బు ఉన్నట్టే తెలియలేదు! మెదడులో, లివర్‌లో రాగి ఎక్కువగా ఉందని బ్రిటన్ వైద్యుడు కమింగ్స్ 1948లో చూపించారు. 1956లో బ్రిటన్‌కే చెందిన డాక్టర్ వాల్ష్, ఒంట్లోని రాగిని బయటికి పంపే పెనిసిలమైన్ మందు తెచ్చేదాకా ఇది ప్రాణాలు తీసే జబ్బే.

ఇప్పుడు మందులున్నాయి, గుర్తించడమే ఆలస్యమవుతోంది. కామెర్లకు ఒక డాక్టరు, వణుకుకు ఇంకొకరు. పిల్లవాడు చదువులో వెనకబడి, ఊరికే కోపం తెచ్చుకుంటుంటే గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి. ఇవన్నీ ఒకే ఒంట్లో జరుగుతున్నాయని కలిపి చూసేవాళ్లు కావాలి. కంటి డాక్టర్ల దగ్గరుండే స్లిట్ ల్యాంప్‌తో ఆ వలయం కనిపిస్తుంది. నరాల లక్షణాలున్న వాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. లివర్ లక్షణాలే ఉన్నవాళ్లలో సగం మందికే ఉంటుంది కాబట్టి వలయం లేదని వదిలేయకూడదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ ఎంతుందో, 24 గంటల మూత్రంలో రాగి ఎంత పోతోందో చూడాలి.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఈ జబ్బు వస్తుంది. అందుకే మేనరికాల్లో ముప్పు ఎక్కువ. ఒక బిడ్డకు తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాళ్లు ఆడుతూ పాడుతూ ఉన్నా పరీక్ష చేయించాలి. అప్పుడే మందు మొదలుపెట్టి మానకుండా వాడితే లక్షణాలు రాకుండానే ఆపవచ్చు.